మాత్ర గంటల్లో, గుణం వారాల్లో

“తలనొప్పి మాత్ర అరగంటలో పనిచేస్తుంది. డిప్రెషన్‌కి మా చెల్లెలికి రాసిచ్చిన మాత్ర మాత్రం నాలుగు వారాలైతే గానీ గుణం చూపించదన్నారు డాక్టరుగారు. ఒంటికి పట్టడానికే నెల కావాలా?” అని ఓ పాఠకురాలు అడిగారు. ఆ చెల్లెలు పది రోజులు వేసుకుని, కడుపులో తిప్పడం తప్ప ఒరిగిందేమీ లేదని మానేసిందట.

ఒంటికి పట్టడానికి నెల అక్కర్లేదమ్మా, గంటలు చాలు. అసలు చిక్కు అక్కడే ఉంది.

మెదడులో ఒక నాడీకణం పక్క కణానికి కబురు పంపాలంటే రెంటి మధ్యనున్న సన్నని సందులోకి కాస్త రసాయనం వదులుతుంది. అలాంటి రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. పని అయ్యాక, వదిలిన కణమే దాన్ని వెనక్కి పీల్చుకుంటుంది. ఎస్సిటలోప్రామ్, ఫ్లూఓక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మాత్రలు ఆ పీల్చుకునే దారిని మూసేస్తాయి. సందులో సెరటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇదంతా మొదటి రోజే మొదలవుతుంది. కడుపులో తిప్పడమే దానికి సాక్ష్యం. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం ఉండేది పేగుల్లోనే మరి. పేగులకు మొదటి రోజే తెలిసిపోయిన సంగతి మనసుకు నెల దాకా ఎందుకు తెలియదు?

“సెరటోనిన్ తగ్గితే దిగులు, పెంచితే నయం” అన్న కథే నిజమైతే ఈ ఆలస్యం ఉండకూడదు. ఆ కథకు పునాది రెండు మందులు. ఒకటి క్షయకి తయారుచేసిన ఇప్రోనియాజిడ్. 1952లో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో దాన్ని వాడితే, మంచం పట్టిన రోగులు లేచి హుషారుగా తిరగసాగారు. అది సెరటోనిన్, అలాంటిదే మరో కబురు రసాయనమైన నోరెపినెఫ్రిన్‌లను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుంటుందని తేలింది. రెండోది మన సర్పగంధ వేరు నుంచి తీసిన రిసర్పిన్. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ పత్రికలో రాయడంతో దాని పేరు ప్రపంచమంతా పాకింది. రిసర్పిన్ ఆ రసాయనాలను ఖాళీ చేస్తుంది, కొందరు రోగులు దిగులు పడుతున్నారని వార్తలు వచ్చాయి. పెంచితే హుషారు, తగ్గిస్తే దిగులు: లెక్క సరిపోయింది. 1965లో అమెరికాలో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నోరెపినెఫ్రిన్ పేరు మీద, 1967లో ఇంగ్లండులో అలెక్ కాపెన్ సెరటోనిన్ పేరు మీద దాన్ని సిద్ధాంతం చేశారు.

సరిపోయిందనుకున్న లెక్కలో ఒక కాగితం ఎవరూ తిరగెయ్యలేదు. 1955లోనే లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే ఇద్దరు ఆందోళన, దిగులు ఉన్నవారికి రిసర్పిన్ ఇచ్చి, దాంతో మేలు కలిగిందని లాన్సెట్‌లో ప్రచురించారు. కథకి అడ్డొచ్చే ప్రయోగం కనుక అది అటకెక్కింది. 2022లో జోవానా మోన్‌క్రిఫ్ బృందం దశాబ్దాల అధ్యయనాలను గుదిగుచ్చి, డిప్రెషన్‌లో సెరటోనిన్ తగ్గుతుందనడానికి నిలకడైన ఆధారం లేదని తేల్చింది. వెంటనే పత్రికలు మందులే బూటకమన్నట్టు రాసేశాయి. అది ఇంకో తప్పు. జబ్బుకి కారణం ఏమిటన్నది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అన్నది వేరే ప్రశ్న. రెండో దానికి 2018లో ఆండ్రియా చిప్రియానీ బృందం 522 పరీక్షలను కలిపి చూసింది. 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగే, కాకపోతే ఆ మెరుగు ఓ మోస్తరుదే.

ఇక నాకు నచ్చిన జవాబుకి వస్తాను. మందు సెరటోనిన్‌ని పెంచడం మొదటి మెట్టు మాత్రమే, దాని ప్రోద్బలంతో మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయి, అవి పెరిగి పెద్దవై పనిలో చేరడానికి వారాలు పడుతుంది, అందుకే ఆలస్యం అంటుందా జవాబు. ఎంత అందమైన ఊహో చూడండి. దీనికి ఒకే అడ్డంకి ఉండేది: పెద్దవాళ్ల మెదడులో కొత్త కణాలు పుట్టవని శాస్త్రవేత్తలందరూ నమ్మేవారు.

ఆ నమ్మకానికి మూలపురుషుడు స్పెయిన్ దేశపు రామోన్ ఇ కహాల్. నాడీకణాల శాస్త్రానికి పితామహుడాయన, కాదనే ధైర్యం ఎవరికుంటుంది? 1965లో ఎంఐటీలో జోసెఫ్ ఆల్ట్‌మన్, గోపాల్ దాస్ అనే ఇద్దరికి ఆ ధైర్యం వచ్చింది. విభజన చెందే కణాలు మాత్రమే తీసుకునే రేడియోధార్మిక థైమిడిన్‌ని ఎలుకలకు ఎక్కించి, కణతల వెనక లోతున ఉండే హిప్పోకాంపస్‌లో, అందులోనూ డెంటేట్ గైరస్ అనే వంపులో, కొత్త నాడీకణాల జాడ పట్టుకున్నారు. వారి మాట ఎవరూ చెవిన పెట్టలేదు. 1980లలో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాటెబోమ్ కానరీ పిట్టల మెదడులో కొత్త నాడీకణాలు చూపిస్తే, పిట్టల సంగతి వేరన్నారు. 1985లో యేల్‌కి చెందిన పాస్కో రాకిచ్ కోతులను పరీక్షించి, వాటిలో కొత్త నాడీకణాలు పుట్టవని తేల్చేశాడు. నేర్చుకున్నది నిలవాలంటే పాత కణాలే స్థిరంగా ఉండాలి కదా అన్నది ఆయన వాదన. వినడానికి ఎంతో సబబుగా ఉంది, కానీ 1999లో ఆయన ప్రయోగశాలే కోతుల హిప్పోకాంపస్‌లో కొత్త కణాలున్నాయని ప్రచురించాల్సి వచ్చింది.

ఈలోగా ప్రిన్స్‌టన్‌లో ఎలిజబెత్ గూల్డ్ మార్మోసెట్ కోతులతో చేసిన పని డిప్రెషన్ వైపు దారి తీసింది. ఒక కోతిని మరో కోతి ఉంటున్న బోనులో పెట్టారు. సొంతదారు బెదిరిస్తుంటే కొత్తగా వచ్చినది ఓ మూల నక్కింది. ఆ ఒక్క గంట హడలుకే దాని హిప్పోకాంపస్‌లో కొత్త కణాల పుట్టుక తగ్గిపోయింది. 2000లో యేల్‌లో రోనాల్డ్ డ్యూమన్ బృందం దీనికి రెండో అంచు చూపించింది. ఎలుకలకు యాంటీడిప్రెసెంట్ మందులు వారాల తరబడి ఇస్తే కొత్త కణాలు పెరిగాయి, కొద్ది రోజులిస్తే పెరగలేదు. కరెంటు షాక్ చికిత్స కూడా పెంచింది.

కణాలు పెరగడం, దిగులు తగ్గడం పక్కపక్కన జరిగినంత మాత్రాన ఒకదానివల్ల రెండోది జరిగిందని కాదు. అది పరీక్షించాలంటే మందు ఇచ్చి, కణాలు మాత్రం పుట్టకుండా ఆపాలి. 2003లో కొలంబియా విశ్వవిద్యాలయంలో రెనే హెన్, లూకా సాంటరెల్లి బృందం చేసింది అదే. ఆకలితో ఉన్న చిట్టెలుకను వెలుతురు పడే కొత్త పెట్టెలో వదిలి, సరిగ్గా నడిమధ్యన తిండి పెడతారు. ఎలుకకు బయలంటే భయం. గోడల వెంట తచ్చాడుతుంది, ముక్కు చాచి నాలుగడుగులు వేసి వెనక్కి మళ్లుతుంది. తినడానికి ఎంతసేపు జంకిందన్నదే కొలత. ఫ్లూఓక్సెటిన్ అయిదు రోజులిస్తే ఆ జంకు తగ్గలేదు, 28 రోజులిస్తే తగ్గింది. అంటే ఎలుకలకూ మనలాగే వారాలు పడుతోంది! తర్వాత మెదడులో మిగతా భాగానికి సీసపు రేకు కప్పి, హిప్పోకాంపస్‌కి మాత్రం ఎక్స్-కిరణాలు తగిలించారు. కొత్త కణాల పుట్టుక ఆగిపోయింది. ఇప్పుడు నెల రోజులు మందిచ్చినా జంకు అలాగే ఉంది. కిరణాలు తగిలిన ఎలుక మందు వేయని మామూలు ఎలుకల కన్నా ఎక్కువేమీ జంకలేదు, దానికి మందు పట్టలేదంతే. ఇలాంటి ప్రయోగం చదివిన రాత్రి నిద్ర పట్టదు.

గుప్పెడు పసికణాలు అంత పని ఎలా చేస్తాయి? డెంటేట్ గైరస్ పని ఒకేలాంటి రెండు అనుభవాలను విడివిడిగా దాచడం. బీపీ మాత్ర ఇవాళ వేసుకున్నానా, లేక నాకు గుర్తున్నది నిన్నటిదా అని తికమక పడినప్పుడు తడబడుతున్నది ఈ పనే. 2011లో హెన్ ప్రయోగశాలలోనే అమర్ సహాయ్ చిట్టెలుకల్లో కొత్త కణాలను పెంచి చూస్తే, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు పరిసరాలను అవి మరింత బాగా వేరుచేయగలిగాయి. ఇప్పుడు మనుషుల వైపు చూడండి. 1986లో మార్క్ విలియమ్స్, కీత్ బ్రాడ్‌బెంట్ ఆత్మహత్యకు యత్నించి బతికినవారిని, సంతోషంగా గడిచిన ఒక సందర్భం చెప్పమని అడిగారు. వారిలో చాలామంది ఫలానా రోజు, ఫలానా చోటు అని చెప్పలేక, ఎప్పుడూ జరిగేదాన్ని మూకుమ్మడిగా చెప్పారు. డిప్రెషన్‌లో జ్ఞాపకాలు ఇలా అలుక్కుపోవడం ఆ తర్వాత ఎన్నోసార్లు కనిపించింది. ఒక చేదు రోజు అన్ని రోజులకూ పాకిపోవడానికి డెంటేట్ గైరస్ తడబాటే కారణమా? ఈ రెంటినీ కలిపేది ఇప్పటికైతే చుక్కల గీతే. నేనైతే కలుస్తుందనే పందెం కాస్తాను.

అయితే మనిషి మెదడులో ఆ కణాలున్నాయా? 1998లో పీటర్ ఎరిక్సన్, ఫ్రెడ్ గేజ్ ఉన్నాయన్నారు. 2018 మార్చిలో నేచర్ పత్రికలో ఒక బృందం పెద్దవాళ్లలో ఒక్కటీ దొరకలేదంది. ఏప్రిల్‌లో ఇంకో బృందం ముసలివాళ్లలో కూడా ఉన్నాయంది. 2019లో మాడ్రిడ్ వాళ్లు, మెదడు ముక్కను ఫార్మలిన్‌లో ఎక్కువకాలం నానబెడితే పసికణాల గుర్తు చెరిగిపోతుందని చూపించారు.

ఈ తగవులో నా మనసు దోచుకున్నది స్వీడన్‌లోని యోనాస్ ఫ్రిసేన్ ఎత్తు. 1950ల మధ్య నుంచి ఆకాశంలో పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో కార్బన్-14 దాదాపు రెట్టింపైంది. 1963లో ఒప్పందం కుదిరి బహిరంగ పరీక్షలు చాలావరకు ఆగాక ఏటా తగ్గుతూ వచ్చింది. గాలి అందరిదీ కనుక ఆ కార్బన్ గోదావరి వరిగింజలోకీ చేరింది, తిన్నవారి ఒంట్లోకీ చేరింది. కణం పుట్టేటప్పుడు దాని డీఎన్‌ఏలో ఆ ఏటి కార్బన్ పాలు ముద్రపడిపోతుంది. చనిపోయినవారి నాడీకణాల డీఎన్‌ఏ తీసి కార్బన్-14 కొలిస్తే ఆ కణాలు సగటున ఏ ఏటివో తెలుస్తుంది! మెదడు పైపొరలోని నాడీకణాలకు మనిషి వయసే ఉంది. హిప్పోకాంపస్‌లో మాత్రం ఒక్కో వైపు రోజుకి సుమారు 700 కొత్తవి చేరుతున్నాయని 2013లో లెక్క తేలింది. 2025 జులైలో అదే బృందం సైన్స్ పత్రికలో, 78 ఏళ్ల వయసు దాకా నాడీకణాలకు జన్మనిచ్చే మూలకణాలను నేరుగా గుర్తించామని ప్రకటించింది. కొందరిలో బోలెడు, కొందరిలో దాదాపు లేవు. ఈ తేడాకీ డిప్రెషన్‌కీ సంబంధం ఉందా అన్నది ఇక తేలాలి.

ఈ కథ మీద రాళ్లు వేసేవారూ ఉన్నారు. కెటమిన్ అనే మందు కొన్ని గంటల్లోనే దిగులు తగ్గిస్తుందని 2000లో యేల్‌లో తేలింది. గంటల్లో కొత్త కణం పెద్దదెలా అవుతుంది? ఆక్స్‌ఫర్డ్‌లో కేథరిన్ హార్మర్ ఒక్క డోసుకే డిప్రెషన్ ఉన్నవారు ఎదుటి ముఖంలో సంతోషాన్ని మెరుగ్గా పసిగట్టడం చూసింది. ఆవిడ ప్రకారం మందు చూపును ముందే మారుస్తుంది, ఆ చూపుతో లోకంలో కొన్నాళ్లు తిరిగితే గానీ మనసు తేలికపడదు. ఇదీ మంచి ఊహే, ఒప్పుకుంటాను. ఇక ఉపయోగం మాటంటారా, కొత్త కణాలను పెంచుతుందన్న ఎన్‌ఎస్‌ఐ-189 అనే మందు 2017లో రోగుల మీద పరీక్షలో ప్రధాన లక్ష్యం అందుకోలేక చతికిలబడింది. ఇరవై ఏళ్ల చిట్టెలుకల పని నుంచి ఈ దారిన మందుల దుకాణానికి చేరిన మాత్ర ఒక్కటీ లేదు.

అమ్మా, మీ చెల్లెలి సంగతి. కణాల తగవు ఎటు తేలినా పది రోజులు ఈ మందుకి చాలవు. కడుపులో తిప్పడం ఎక్కువమందికి మొదటి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. తనంతట తాను మానేసి ఊరుకోకుండా మళ్లీ ఆ డాక్టరుగారి దగ్గరికే తీసుకెళ్లండి, మోతాదు మార్చడమో, మందు మార్చడమో చేస్తారు. పాతికేళ్ల లోపు అమ్మాయైతే మొదటి వారాల్లో పక్కనే కనిపెట్టుకుని ఉండండి, చనిపోవాలన్న ఆలోచనలు ఆ వయసులో కొందరికి అప్పుడే ఎక్కువవుతాయి. అలాంటి మాట ఏది వినిపించినా టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.