థైరాయిడ్ వ్యాధి - కాళ్ల నొప్పులు

చుట్టుపట్ల గ్రామముల నుండి ఉప్పల్, నాచారము కర్మాగారములకు పోయి దినమంతయు నిలుచుండి పనిచేయువారికి కాళ్లు నొప్పి పుట్టుట సహజము. కాని విశ్రాంతితో పోని నొప్పికి అలసటయే కారణమని సరిపెట్టుకొనరాదు.

మెడ ముందుభాగమున గల థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోనును ఈయనిచో కండరములు బలహీనమగును. పిక్కలు పట్టివేయును, మెట్లెక్కుట కష్టమగును. టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్ష వలన దీనిని కనుగొనవచ్చును. వైద్యుడు చెప్పిన థైరాక్సిన్ మాత్రను నిత్యము పరగడుపున వేసికొనవలెను. నొప్పి తగ్గినదని మానరాదు. వ్యాయామము మాత్రకు తోడేగాని బదులు కాదు.

వైద్యుని అనుమతితో దినమునకు 10 నిమిషముల నడకతో ఆరంభించి, వారవారము కొంచెముగా 30 నిమిషముల వరకు పెంచవలెను. గోడకు చేతులానించి, ఒక కాలు వెనుకకు చాపి, మడమ నేలనంటి యుండగా 30 సెకండ్లు నిలిచిన పిక్క సాగును. మరునాటికి నొప్పి హెచ్చినచో నడక తగ్గించవలెను. ఒక కాలే వాచి వెచ్చబడినను, ఊపిరి సలుపకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ హార్మోనుకు అయోడిన్ మూలాధారము. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి, ఉప్పల్ చేరువనే తార్నాకలో నున్న జాతీయ పోషకాహార సంస్థ అయోడిన్, ఇనుము రెండును చేర్చిన ఉప్పును రూపొందించినది. అయోడిన్ ఉప్పు లోపమును నివారించును. మాత్ర చేయు పనిని చేయదు.

పంచాయతీ సభ్యులకు మేము చేయు మనవి ఒక్కటి: కాళ్లీడ్చుచు పనికి వెనుదీయు ఇల్లాలిని సోమరియని నిందింపనీయక, రక్తపరీక్షకు పంపుడు. ప్రాతఃకాలమున నడకకు పాఠశాల మైదానమును తెరిపింపుడు.