అవతలి వైపు ఏం కనిపిస్తోంది?

మా తమ్ముడికి తొమ్మిదేళ్లు. ఆటిజం ఉంది. వీడియో కాల్‌లో తను గీసిన బొమ్మ చూపిస్తాడు. కానీ బొమ్మ ఉన్న వైపు తనకే, నాకు కాగితం వెనకవైపు. "కనిపించట్లేదురా" అంటే ఇంకా దగ్గరికి పెడతాడు. మొదట్లో నవ్వొచ్చేది. నాకు కనిపించేది, ఎదుటివాడికి కనిపించేది వేరని గ్రహించడం కూడా నేర్చుకోవాల్సిన పనేనని తర్వాత తెలిసింది.

దీని గురించి చదివితే ముందుగా తగిలేది 1985లో బారన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ చేసిన ప్రయోగం. సాలీ అనే బొమ్మ గోళీని బుట్టలో పెట్టి బయటికెళ్తుంది. యాన్ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన సాలీ ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెనే చూపించారు.

బిహేవియర్ అనాలిసిస్ ఇక్కడ "లోపం" అని ఆగిపోదు. సరైన జవాబు రావాలంటే మధ్యలో ఏ చిన్న మెట్లు కావాలి అని చూస్తుంది. మన డీబగ్గింగ్ లాంటిదే. థెరపిస్ట్ అమ్మకి నేర్పింది ఇది: కార్డుకి ఒకవైపు కుక్క, మరోవైపు పిల్లి. మధ్యలో నిలబెట్టి "నీకేం కనిపిస్తోంది? నాకేం కనిపిస్తోంది?" అని అడగాలి. తప్పయితే కార్డు తిప్పి చూపించాలి. ఒప్పయితే వెంటనే మెచ్చుకోలు, వాడికిష్టమైన మరమరాలు కొన్ని. మెల్లగా ఆ సాయం తగ్గించాలి. మూడు వారాల్లో అన్నీ కరెక్టు. వీడియో కాల్‌లో మాత్రం మళ్లీ తెల్లకాగితమే! అసలు కష్టం ఇక్కడే ఉంది. కార్డులు, మనుషులు, చోట్లు మార్చి మార్చి నేర్పకపోతే నేర్చుకున్నది ఆ బల్ల దగ్గరే ఉండిపోతుంది.

తర్వాతి మెట్టు నేను-నువ్వు, ఇక్కడ-అక్కడ, ఇప్పుడు-అప్పుడు. రిలేషనల్ ఫ్రేమ్ థియరీ వాళ్ల ప్రశ్న ఇలా ఉంటుంది: "నా దగ్గర ఎర్ర ఇటుక, నీ దగ్గర పచ్చ ఇటుక ఉన్నాయి. నేను నువ్వైతే, నువ్వు నేనైతే, నీ దగ్గర ఏముంటుంది?" చదివి నేనే కాసేపు ఆగాను. కుక్కని ఎవరన్నా కుక్కే అంటారు. 'నేను' మాత్రం పలికేవాణ్ని బట్టి మారిపోతుంది. మావాడికి ఆకలేస్తే "నీకు ఆకలేస్తోందా?" అంటాడు. వాడు రోజూ విన్న వాక్యం అదే మరి.

డామియన్ మిల్టన్ అని, ఆటిజం ఉన్న సామాజికశాస్త్రవేత్త. అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని 2012లో రాశాడు. మిక్సీ వేస్తే మావాడు చెవులు మూసుకుని బాల్కనీలోకి పరిగెత్తేవాడు. ఆ మోత వాడికెలా ఉంటుందో ఆలోచించకుండా ఏళ్ల తరబడి మొండితనం అనుకున్నాం. మాకెవరూ కార్డులు పెట్టి నేర్పలేదు.

పోయిన ఆదివారం మళ్లీ కాగితం వెనకవైపే. నేనేం అనలేదు. నా డ్రాయింగ్ షీట్ తిప్పి కెమెరా ముందు పెట్టాను. "ఏం లేదు" అన్నాడు. కాసేపు తన కాగితం వైపు చూసుకుని, తిప్పాడు.

బస్సు. నంబరు కూడా వేశాడు.