మీకు తెలుసా? ఎండకు కరగని మంచు కూడా ఉంటుంది

అమెరికాలో క్రూయిజ్ ప్రయాణికుల రద్దీలో నాలుగో స్థానం టెక్సస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవుది. హ్యూస్టన్ నుంచి సుమారు 80 కిలోమీటర్లు, కారులో గంట ప్రయాణం. నగర శివార్లయిన కేటీ, షుగర్‌ల్యాండ్, పియర్‌ల్యాండ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు విమానం ఖర్చు లేకుండా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ఇక్కడే ఓడెక్కి మెక్సికో దాకా వెళ్లొస్తుంటాయి. పిల్లలకు సెలవులుండేది డిసెంబరు చివర్లో, మళ్లీ మార్చిలో. గాల్వెస్టన్‌ను సముద్రపు పొగమంచు ఎక్కువగా కమ్మేది కూడా డిసెంబరు నుంచి మార్చి దాకానే. ఓడ బయల్దేరాల్సిన రోజు బయల్దేరకపోవడం, రావాల్సిన పొద్దుటికి రాకపోవడం ఆ నెలల్లో అక్కడివాళ్లకు అలవాటైన సంగతే. కొత్తగా వెళ్లేవాళ్లే కంగారు పడతారు.

★

భోగి రోజుల్లో మన ఊళ్లను కమ్మే మంచు నేల మీద పుట్టేది. రాత్రంతా నేల చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది, అందులోని తేమ మంచవుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కగానే విడిపోతుంది. గన్నవరంలో పొద్దున్నే దిగాల్సిన విమానం కాసేపు గాల్లో చక్కర్లు కొట్టినా, తొమ్మిది పదింటికల్లా అంతా సర్దుకునేది అందుకే.

గాల్వెస్టన్ మంచు పుట్టుక వేరు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా తేమ నిండిన వెచ్చటి దక్షిణపు గాలి తీరం వైపు వీస్తుంది. తీరం దగ్గరి నీళ్లు చలికాలంలో బాగా చల్లగా ఉంటాయి. వాటి మీదికి వచ్చేసరికి ఆ గాలి అడుగు పొర చల్లబడి మంచు కడుతుంది. ఎండ నేలను గంట రెండు గంటల్లో వేడెక్కించగలదు గానీ, అంత నీటిని ఒక్కరోజులో వేడెక్కించలేదు. అందుకే మధ్యాహ్నం రెండింటికి ఊళ్లో ఎండ కాస్తున్నా రేవు ముఖద్వారం తెల్లగానే ఉండిపోవచ్చు. గాలి వస్తే పోతుందిలే అనుకోవడానికీ లేదు. ఈ మంచును మోసుకొచ్చేదే ఆ గాలి. ఒక్కోసారి రెండు మూడు రోజులు తెరిపి లేకుండా పట్టేస్తుంది.

★

మరి దీన్ని విడగొట్టేది ఏది? ఉత్తరం నుంచి వచ్చే చలిగాలి. టెక్సస్‌లో దాన్ని ‘నార్తర్’ అంటారు. పొడిగా, జోరుగా వచ్చి తేమనంతా సముద్రంలోకి తోసేస్తుంది. ఆకాశం తేటపడుతుంది, ఓడలు కదులుతాయి. కానీ గాల్వెస్టన్ అఖాతం సగటు లోతు మూడు మీటర్లలోపే. అంత తక్కువ లోతున్న నీళ్లు ఆ చలిగాలికి ఇట్టే చల్లబడతాయి. రెండు మూడు రోజులకు దక్షిణపు గాలి తిరిగి మొదలైతే, కింద చల్లటి నీళ్లు సిద్ధంగా ఉంటాయి, మంచు మళ్లీ కడుతుంది. ఒక చలిగాలి వెళ్లి ఇంకొకటి వచ్చేలోపు దొరికే ఆ సందులోనే ఓడలు చిక్కుకునేది.

కాబట్టి ప్రయాణానికి ముందు రోజు ఫోన్‌లో వాన పడుతుందా లేదా అని చూడటం కన్నా రెండు అంకెలు చూడటం మేలు. ఒకటి గాల్వెస్టన్ దగ్గర సముద్రపు నీటి ఉష్ణోగ్రత. రెండోది డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. రెండూ అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. నీళ్లు 14 డిగ్రీల సెల్సియస్ ఉండి, డ్యూ పాయింట్ 18 ఉండి, దక్షిణం నుంచి మెల్లగా గాలి వీస్తోందంటే ఆలస్యానికి సిద్ధపడి ఇంట్లోంచి కదలండి. చలిగాలి ఎప్పుడొస్తుందన్నది కూడా ఆ సూచనల్లోనే ఉంటుంది. మంచు ఎప్పటికి విడుతుందో ఉజ్జాయింపుగా తెలియాలంటే అదే ప్రధాన ఆధారం.

★

విశాఖపట్నంలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. అక్కడ ఈ బెడద పెద్దగా ఎందుకు లేదు? జనవరిలో కూడా విశాఖ తీరంలో నీళ్లు దాదాపు 25 డిగ్రీలుంటాయి. అదే నెలలో గాల్వెస్టన్ దగ్గర 13కు అటూ ఇటూ. నీళ్లు వెచ్చగా ఉన్నచోట సముద్రపు మంచు కట్టడం అరుదు.

★

మంచు పట్టినప్పుడు ఓడ లోపలికి రావాలా, బయటే ఆగాలా అన్నది క్రూయిజ్ కంపెనీ ఒక్కటే తేల్చే విషయం కాదు. రేవు పైలట్లు ఒప్పుకోవాలి. ఆ రేవు దారులను క్షుణ్ణంగా చదివిన, లైసెన్సు పొందిన నావికులు వీళ్లు. ఓడ రేవుకు దూరంగా ఉండగానే చిన్న పడవలో ఎదురెళ్తారు. ఓడ పూర్తిగా ఆగదు, నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. పడవ దాని పక్కకు ఆనుకుని నడుస్తుంటే, అల పైకి లేచిన క్షణం చూసుకుని పైలట్ ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన అందుకుంటాడు, లేదా ఓడ పక్కన నీటికి కొంచెం పైగా తెరిచిన తలుపులోంచి లోపలికి అడుగు వేస్తాడు. వెలుతురున్న రోజునే అది ప్రాణాలతో చెలగాటం. మంచు దట్టంగా ఉంటే పైలట్లు ఓడలెక్కడం ఆపేస్తారు. అవసరమైతే కోస్ట్ గార్డ్ ఆ దారినే మూసేస్తుంది.

టెర్మినల్ కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని “ఇంకా ఎంతసేపు?” అని నిలదీసే పెద్దమనుషులకు ఇది తెలియాలి. ఆ సమయం ఆమెకు తెలియదు. ఆమె కంపెనీకీ తెలియదు. మంచు ఎప్పుడు పలచబడుతుందో చూస్తూ పైలట్లే ఎదురుచూస్తుంటారు.

★

గాల్వెస్టన్ నుంచి నడిచిన ఓడల్లో ‘హార్మనీ ఆఫ్ ద సీస్’ పొడవు 362 మీటర్లు. అమెరికా వాతావరణ శాఖ దట్టమైన మంచు హెచ్చరిక ఇచ్చేది దాదాపు 400 మీటర్లు, అంతకన్నా తక్కువ దూరం మాత్రమే కనిపించేటప్పుడు. చూపు 300 మీటర్లకు పడిపోయిందంటే ఆ ఓడ ఒక కొసన నిలబడినవాళ్లకు రెండో కొస కనపడదు. ఆ స్థితిలో అది దాటాల్సింది బొలివర్ రోడ్స్ అనే ముఖద్వారం. హ్యూస్టన్‌కు వెళ్లే నూనె ఓడలు, టెక్సస్ సిటీకి వెళ్లేవి, గాల్వెస్టన్‌కు వచ్చేవి అన్నీ అక్కడే కలుస్తాయి. తీరం వెంబడి నడిచే బార్జీలు అడ్డంగా దాటేదీ, కార్లను మోసే ఫెర్రీ అటూ ఇటూ తిరిగేదీ అక్కడే.

★

“ఇంత ఖరీదైన ఓడకు రాడార్ ఉండదా?” ఉంటుంది. 1956 జులై 25 రాత్రి అమెరికా తూర్పు తీరంలో నాన్‌టకెట్ దగ్గర ఢీకొన్న ‘ఆండ్రియా డోరియా’, ‘స్టాక్‌హోమ్’ అనే ప్రయాణికుల ఓడలు రెండింటికీ రాడార్లు ఉన్నాయి. ఎదుటి ఓడ తెర మీద రెండింటికీ కనిపించింది. అది ఎటు తిరుగుతోందన్నది తప్పుగా అంచనా వేశారు. మంచులో వెళ్తున్న ఆండ్రియా డోరియా వేగం తగ్గించిందీ నామమాత్రమే. 51 మంది చనిపోయారు.

గాల్వెస్టన్ దగ్గరే జరిగింది ఇంకోటి. 2014 మార్చి 22న మంచు పట్టి ఉండగా ‘సమ్మర్ విండ్’ అనే సరుకు ఓడ, ‘మిస్ సుసాన్’ అనే పడవ తోసుకెళ్తున్న నూనె బార్జీని ఢీకొట్టింది. ఆరు లక్షల లీటర్లకు పైగా చిక్కటి ఇంధన నూనె నీళ్లలో కలిసింది. ఓడ వచ్చేలోపే దారి దాటేయాలని పడవ ప్రయత్నించడం ప్రధాన కారణమైతే, సరిగా కనపడని స్థితిలో ఓడ తగిన వేగానికి దిగకపోవడమూ తోడైందని దర్యాప్తు తేల్చింది. నూనె తేలుతున్న ఆ దారిన క్రూయిజ్ నౌకలను ప్రత్యేకంగా అనుమతించి పంపాల్సి వచ్చింది. అక్కడి పైలట్లకు ఇది నిన్నమొన్నటి జ్ఞాపకం. వాళ్లు ‘ఆగండి’ అన్నారంటే నేనైతే ఆ మాటకు మనసారా దణ్ణం పెడతాను.

★

మంచులో కదులుతున్న ఓడ రెండు నిమిషాలకు మించని విరామంతో ఒక్కో దీర్ఘమైన కూత వేస్తూనే ఉండాలి. కూత నిడివి నాలుగు నుంచి ఆరు సెకన్లు. లంగరు వేయకుండా నీళ్ల మీద ఊరికే ఆగి ఉంటే రెండు కూతలు. లంగరు వేసి ఉంటే గంట, వంద మీటర్లు దాటిన ఓడైతే ముందు గంట, వెనక జేగంట. ఇది అన్ని దేశాల ఓడలకూ వర్తించే నియమం. అర్ధరాత్రి ఆ కూత విని ఏదో ప్రమాదమని పెద్దవాళ్లు బెదిరిపోకుండా ముందే చెప్పి ఉంచండి.

★

ఒక్క ఓడ ఆగితే ఇబ్బంది రెండు గుంపులకు. మామూలుగా ఓడ తెల్లవారుజామున రేవులోకి వస్తుంది. పదింటికల్లా పాతవాళ్లు దిగిపోతారు, గదులు శుభ్రం చేస్తారు, సరుకులు ఎక్కిస్తారు, మధ్యాహ్నం నుంచి కొత్తవాళ్లను ఎక్కించి సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతుంది. ఓడ మధ్యాహ్నం మూడింటికి వచ్చిందనుకోండి, ఈ పనుల్లో ఏదీ మానడానికి ఉండదు. ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీ కూడా యథావిధిగా జరగాలి. అందుకే “ఓడ వచ్చేసిందట” అన్న కబురు విన్నాక కూడా మీరు ఎక్కడానికి ఇంకా ఐదారు గంటలు పట్టొచ్చు.

కంపెనీ సాయంత్రం ఐదింటికి రమ్మంటే ఐదింటికే వెళ్లండి. ముందు వెళ్తే ముందు ఎక్కుతామన్న మన అలవాటు ఇక్కడ పనిచేయదు. టెర్మినల్‌లోకి రానివ్వరు, హార్బర్‌సైడ్ డ్రైవ్ మీద కార్ల బారులో ముసలివాళ్లతో, చంటిపిల్లలతో చిక్కుకుపోతారు. హ్యూస్టన్ వాళ్లయితే ఇంట్లోనే భోంచేసి బయల్దేరవచ్చు. డాలస్, ఆస్టిన్ నుంచి అప్పటికే వచ్చేసినవాళ్లకు ఊళ్లోనే చూడ్డానికి బోలెడుంది. 1877లో కట్టిన ‘ఎలిస్సా’ అనే తెరచాప ఓడ రేవు పక్కనే ఉంది. 1900 నాటి తుపానుకు దాదాపు ఎనిమిది వేల మంది కొట్టుకుపోయాక కట్టిన సముద్రపు గోడ మీద మైళ్ల కొద్దీ నడవొచ్చు.

బొలివర్ ఫెర్రీ నడుస్తోందా లేదా అన్నది కూడా చూసుకోండి. కారుతో సహా ఉచితంగా దాటించే ఆ ప్రభుత్వ ఫెర్రీ కూడా మంచుకు ఆగిపోతుంది. అదే ఆగిందంటే పెద్ద ఓడలు కదలడానికి ఇంకా టైముందని అర్థం.

★

తిరుగు ప్రయాణంలో చాలామంది దెబ్బతినేది సూట్‌కేసు దగ్గర. దిగే రోజుకు ముందు రాత్రి పెట్టెలన్నీ గది బయట పెట్టమంటారు. వాటిని తీసుకెళ్లి కింద పేరుస్తారు. మళ్లీ చేతికొచ్చేది టెర్మినల్‌లోనే. తెల్లారేసరికి ఓడ మంచులో ఆగిపోతే బట్టలు, బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు అన్నీ ఆ పెట్టెల్లో ఉంటాయి, మనం పైన డెక్కు మీద ఉంటాం. నాన్నగారి ఇన్సులిన్ పెట్టెలో పెట్టామని అప్పుడు గుర్తొచ్చి లాభం లేదు. రెండు మూడు రోజులకు అదనంగా మందులు, ఒక జత బట్టలు, చార్జరు, పాస్‌పోర్టులు చేతి సంచిలోనే ఉండాలి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే మందులు లెక్క కన్నా ఎక్కువ పెట్టుకోవాలి, ఎందుకంటే ఓడలో ఉన్న వైద్యశాలలో అన్నీ దొరకవు, దొరికినవీ ఖరీదే.

ఓడ దిగే రోజునే ఇండియా విమానానికి టికెట్ తీసుకోవద్దు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. జార్జ్ బుష్ విమానాశ్రయం హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉంది, గాల్వెస్టన్ నుంచి నగరమంతా దాటి వెళ్లాలి. మంచు వల్ల ఓడ సాయంత్రం వస్తే ఆ విమానం వెళ్లిపోయినట్టే. క్రూయిజ్ టికెట్, విమానం టికెట్ వేర్వేరుగా కొన్నప్పుడు ఆ నష్టం మనదే. దేశంలోని విమానమైనా అదే రోజు తప్పదంటే సాయంత్రందే తీసుకోండి, మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి. బీమా ఉంటే ఎన్ని గంటలు ఆలస్యమైతే వర్తిస్తుందో ముందే చదువుకోండి.

★

ఆలస్యంగా బయల్దేరిన ఓడ దారిలో ఆ సమయాన్ని రాబట్టుకోలేదా? గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కొజుమెల్‌కు దాదాపు ఒకటిన్నర రోజు ప్రయాణం. వేగం కొంచెం పెంచితే కొన్ని గంటలు కలిసొస్తాయి గానీ, పూర్తి రోజు పోతే రాదు. దారిలో ఆగాల్సిన రేవులు రెండుంటే అప్పుడు వాటిలో ఒకటి వదిలేస్తారు. రెండోది మాత్రం వీలైనంత వరకు వదలరు. దాని వెనక 1886 నాటి అమెరికా చట్టం ఉంది. ఈ ఓడల్లో ఎక్కువ భాగం బహమాస్, పనామా వంటి దేశాల్లో నమోదైనవి. అమెరికాలో ఎక్కించుకున్న ప్రయాణికులను అదే రేవుకు తిరిగి తెచ్చే విదేశీ ఓడ మధ్యలో ఒక్క విదేశీ రేవులోనైనా ఆగాలి. వదిలేసిన రేవుకు కట్టిన పన్నులు, రుసుములు సాధారణంగా వెనక్కి ఇస్తారు. అంతకుమించి ఇవ్వాలన్న బాధ్యత కంపెనీలు టికెట్ ఒప్పందంలో పెట్టుకోవు.

★

ఆలస్యం కబురు ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది. నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తుంటే మనవాళ్లలో బుకింగంతా ఒక్కరే చేస్తారు, అన్ని గదులకూ ఆయన నంబరే ఉంటుంది. ఆయన కారు నడుపుతుంటే ఆ మెసేజ్ ఎవరూ చూడరు. గదికొక నంబరు చొప్పున, అమెరికాలో పనిచేసేదే, కంపెనీ యాప్‌లో ముందే ఎక్కించండి.