హ్యాష్ బోర్డు టెస్టర్ పుట్టుక, పనితీరు

బిట్‌కాయిన్ మైనింగ్ యంత్రంలో అసలు లెక్కలు చేసేది హ్యాష్ బోర్డు. పదుల కొద్దీ చిప్‌లు బిగించిన ఈ బోర్డును యంత్రం నుంచి విడదీసి, ఒంటరిగా నడిపించి, ఏ చిప్ చెడిపోయిందో పట్టిచ్చే పరికరమే హ్యాష్ బోర్డు టెస్టర్. చిన్న తెర, ఒకటి రెండు బటన్లు, మెమరీ కార్డు పెట్టే చోటు, రిబ్బన్ కేబుల్ తగిలించే సాకెట్లు: పైకి కనబడేది ఇంతే. లోపల ఉండేదీ మైనింగ్ యంత్రంలోని కంట్రోల్ బోర్డుకు దగ్గరి చుట్టమే. తేడా అంతా అందులో నడిచే ప్రోగ్రాములో ఉంది. కంట్రోల్ బోర్డు చిప్‌లకు పంపే లెక్కలకు జవాబు ఎవరికీ తెలియదు. టెస్టర్ పంపే లెక్కలకు జవాబులు ముందే దాని దగ్గర రాసి ఉంటాయి.

ఇలాంటి పరీక్ష సాధ్యం కావడానికి కారణం మైనింగ్ లెక్క స్వభావమే. బ్లాకు శీర్షికలో 80 బైట్లు ఉంటాయి. చివరి నాలుగు బైట్లను నాన్స్ అంటారు. చిప్ ఆ నాన్స్‌ను ఒక్కొక్కటిగా మారుస్తూ, శీర్షిక మొత్తానికి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణన రెండుసార్లు చేసి, వచ్చిన సంఖ్య ముందు కావలసినన్ని సున్నాలు ఉన్నాయో లేదో చూస్తుంది. సరైన నాన్స్ దొరకడం గగనం. దొరికినదాన్ని సరిచూడడం క్షణంలో పని. 2009 జనవరి 3 తేదీ వేసి ఉన్న తొలి బ్లాకు నాన్స్ 2083236893. ఆ శీర్షికను ఏ చిప్‌కు ఇచ్చినా సరే, అది బాగున్నదైతే ఈ సంఖ్య దగ్గరికి వచ్చేసరికి ‘దొరికింది’ అని చెప్పి తీరాలి. చెప్పలేదంటే లోపం చిప్‌లోనో, దాని చుట్టూ ఉన్న సర్క్యూట్లోనో ఉన్నట్టే.

ఈ ఉపాయం టెస్టర్ కంటే ముందే పుట్టింది. 2011 ప్రాంతంలో కొందరు గ్రాఫిక్స్ కార్డులు వదిలి, అవసరానికి తగ్గట్టు సర్క్యూట్‌ను మార్చుకోగల ఎఫ్‌పీజీఏ చిప్‌లతో మైనింగ్ మొదలుపెట్టారు. వాటిలో పేరు మోసిన బోర్డు ఐకరస్. దాని మీద రెండు స్పార్టన్-6 చిప్‌లు ఉండేవి. రెండూ కలిసి సెకనుకు 38 కోట్ల హ్యాష్‌లు, అంటే పైన చెప్పిన గణనలు, చేసేవి. సీజీమైనర్ అనే మైనింగ్ సాఫ్ట్‌వేరు, కంప్యూటరుకు తగిలించినది నిజంగా ఐకరస్ బోర్డేనా అని తేల్చుకోవడానికి దానికి ఒక పాత బ్లాకును ఇచ్చేది. అది 171874వ బ్లాకు. దాని నాన్స్ 100258. ప్రోగ్రాము రాసినవారు దీన్ని ‘బంగారు నాన్స్’ అన్నారు. నాన్స్ చిన్నదిగా ఉన్న బ్లాకునే వెతికి తీసుకోవడంలో మంచి తెలివి ఉంది. ఒక్కో చిప్ సెకనుకు 19 కోట్ల చొప్పున లెక్కిస్తే సున్నా నుంచి 100258 చేరడానికి అర మిల్లీసెకను చాలు. జవాబు కోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. ఐకరస్‌లో నాన్స్‌ల వరసను రెండు చిప్‌లూ చెరి సగం పంచుకుంటాయి కాబట్టి ఈ పరీక్ష నిజానికి ఒక్క చిప్‌నే చూసేది. బోర్డు ఉందో లేదో తెలుసుకోవడానికి అది చాలు. మరమ్మతుకు మాత్రం చాలదు.

ఐకరస్‌ను రూపొందించిన జాంగ్ నాన్‌గెంగ్ బృందమే 2013 జనవరిలో అవలాన్ యంత్రాన్ని కొనుగోలుదారులకు అందించింది. మైనింగ్ తప్ప మరే పనీ చేయలేని చిప్‌లు దాంతో బజారులోకి వచ్చాయి. అదే ఏడాది మొదలైన బిట్‌మెయిన్ సంస్థ నవంబరులో ఆంట్‌మైనర్ ఎస్1ను, 2016లో ఎస్9ను తెచ్చింది. మరమ్మతు ఒక వృత్తిగా నిలదొక్కుకోవడంలో ఈ ఎస్9 వాటా పెద్దది. ఆ యంత్రంలో మూడు హ్యాష్ బోర్డులు ఉంటాయి. ఒక్కో దానిపై 16 నానోమీటర్ల తయారీకి చెందిన బీఎమ్1387 చిప్‌లు 63. మొత్తం 189 చిప్‌లు సెకనుకు సుమారు 13.5 లక్షల కోట్ల హ్యాష్‌లు చేస్తాయి; అందుకు 1300 వాట్లకు పైగా కరెంటు తింటాయి.

టెస్టర్ అవసరం ఎందుకొచ్చిందో ఎస్9 బోర్డు కట్టడం చూస్తే తెలుస్తుంది. ఈ చిప్ సుమారు 0.4 వోల్టు మీద నడుస్తుంది. 63 చిప్‌లకూ ఆ వోల్టేజిని సమాంతరంగా ఇవ్వాలంటే, బోర్డు వాడకం 400 వాట్లు అనుకున్నా, 1000 ఆంపియర్లు ప్రవహించాలి. అది అయ్యే పని కాదు. అందుకే మూడేసి చిప్‌లను ఒక జట్టుగా చేసి, 21 జట్లను పెళ్లిపందిరి సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనుక ఒకటి కలిపారు. ప్రవాహం 50 ఆంపియర్ల లోపుకు దిగింది. ఈ జట్టునే వోల్టేజి డొమైన్ అంటారు. సంకేతాలదీ ఇదే తీరు. క్లాక్, ఆదేశం, రీసెట్ సంకేతాలు మొదటి చిప్ నుంచి ఒక్కొక్క దాన్నీ దాటుకుంటూ 63వ చిప్ దాకా వెళతాయి. జవాబులు 63 నుంచి వెనక్కి, మొదటి చిప్ మీదుగా బయటపడతాయి. నడుమ ఒక్క చిప్ మొండికేస్తే బోర్డు మొత్తం మూగబోవచ్చు. ప్రవాహం తగ్గించడానికి ఎంచుకున్న కట్టడమే రిపేరును చిక్కుముడి చేసిందన్నమాట.

మరి బోర్డుకు నేరుగా 12 వోల్టులు ఇచ్చి మల్టీమీటరుతో వెతకకూడదా? ఎస్9లో అది కుదరదు. బోర్డు మీదున్న చిన్న మైక్రోకంట్రోలరు అనుమతిస్తేనే చిప్‌లకు వోల్టేజి అందుతుంది. కంట్రోల్ బోర్డు నుంచి ‘బతికే ఉన్నాను’ అనే సందేశం ఆగకుండా వస్తూ ఉండాలి. ఆగితే మైక్రోకంట్రోలరు కాసేపటికే సరఫరా కట్టేస్తుంది. టెస్టర్ చేసే మొదటి ఉపకారం ఆ సందేశాన్ని పంపుతూ బోర్డును మేలుకొలిపి ఉంచడం.

పరీక్ష బల్ల అమర్చడానికి కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. బోర్డు పూర్తి లోడును మోయగల పవర్ సప్లై, టెస్టర్, రిబ్బన్ కేబుల్, మల్టీమీటరు, ఆసిలోస్కోపు, సోల్డరింగ్ ఐరన్, హాట్ ఎయిర్ గన్, ఫ్లక్స్. వీటితోపాటు గట్టిగా గాలి కొట్టే ఫ్యాను తప్పనిసరి. 400 వాట్ల వేడి పుట్టించే బోర్డును గాలి లేకుండా నడిపితే, ఉన్న జబ్బు తేలేలోపు కొత్త జబ్బు అంటుకుంటుంది. ఏ మోడల్ బోర్డుకు ఆ మోడల్ ప్రోగ్రామును మెమరీ కార్డులో ఎక్కించాలి. తీగలు రాగి పట్టీలకు బిగించే తర్వాతి మోడళ్లలో వరస కూడా ముఖ్యమే: ముందు నెగెటివ్, తర్వాత పాజిటివ్, ఆఖరున సిగ్నల్ కేబుల్, విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి. ఈ వరస తప్పితే దారి దొరకని కరెంటు సున్నితమైన సిగ్నల్ చిప్‌ల గుండా పోయి వాటిని కాల్చేస్తుంది. సప్లై ఆపాక కూడా కెపాసిటర్లలో చార్జి మిగిలే ఉంటుంది కనుక దాన్ని పెద్ద రెసిస్టరు ద్వారా ఖాళీ చేశాకే బోర్డును ముట్టుకోవాలి.

వెతుకులాట కరెంటు ఇవ్వక ముందే మొదలవుతుంది. కాలిన మచ్చలు, ఊడిన హీట్ సింక్‌లు కంటికే కనబడతాయి. తర్వాత ప్రతి డొమైన్ నిరోధాన్నీ మల్టీమీటరుతో కొలిస్తే షార్ట్ అయిన జట్టు బయటపడుతుంది. కరెంటు ఇచ్చాక ప్రతి డొమైన్ దగ్గరా 0.4 వోల్టు రావాలి. ఇక్కడ కొత్తవాళ్లు బోల్తాపడే సంగతి ఒకటుంది. జట్లన్నీ ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఉండడం వల్ల ఏ డొమైన్ గ్రౌండు దానిదే; పదో డొమైన్ గ్రౌండు సప్లై నెగెటివ్ కంటే 3.6 వోల్టుల ఎత్తున ఉంటుంది. మల్టీమీటరు బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఎక్కడ పెట్టినా ఫరవాలేదు. ఆసిలోస్కోపు గ్రౌండు క్లిప్పు మాత్రం మామూలుగా గోడ ప్లగ్గులోని ఎర్తుకు కలిసి ఉంటుంది. సప్లై నెగెటివ్ కూడా ఎర్తుకే కలిసి ఉంటే, ఆ క్లిప్పును నడిమి డొమైన్‌కు తగిలించిన క్షణాన కింది జట్లన్నీ షార్ట్ అవుతాయి.

ఇక టెస్టర్ బటన్ నొక్కితే తెర మీద దొరికిన చిప్‌ల సంఖ్య వస్తుంది. 63కు బదులు 42 వచ్చిందంటే 42, 43 చిప్‌ల మధ్య చూడాలని తేలికగానే తెలుస్తుంది. సున్నా వస్తేనే అసలు పని. జవాబుల తీగ ఖాళీగా ఉన్నప్పుడు 1.8 వోల్టుల దగ్గర నిలుస్తుంది. చెడిన చిప్ ఏదైనా దాన్ని కిందికి లాగి పట్టుకుంటే ముందున్న మంచి చిప్‌ల జవాబులు కూడా బయటికి రావు. అప్పుడు బోర్డును సగానికి విభజిస్తారు. 32, 33 చిప్‌ల మధ్య జవాబుల తీగను 1.8 వోల్టుల బిందువుకు తాత్కాలికంగా కలిపితే, అక్కడి నుంచి వెనకున్న చిప్‌ల ప్రభావం ఆగిపోతుంది. టెస్టర్ 32 చూపితే మొదటి సగం బాగున్నట్టు. తర్వాత 48 దగ్గర కలిపితే సున్నా. 40 దగ్గర 40. 44 దగ్గర సున్నా. 42 దగ్గర 42. 43 దగ్గర మళ్లీ సున్నా. దోషి 43వ చిప్, కాకుంటే దాని సోల్డరు. అరవై మూడింటిని ఒక్కొక్కటిగా తడమకుండా ఆరు ప్రయత్నాల్లో తేలిపోయింది. దీని ముందు ఎంత ఖరీదైన ఆసిలోస్కోపైనా దిగదుడుపే.

63 చిప్‌లూ పలికినంత మాత్రాన బోర్డు బాగైనట్టు కాదు. రెండో దశలో టెస్టర్ ప్రతి చిప్‌కూ జవాబు తెలిసిన లెక్కలను వరసగా పంపి, తిరిగొచ్చిన నాన్స్‌లను చిప్‌ల వారీగా లెక్కపెడుతుంది. బీఎమ్1387లో 114 కోర్లు ఉన్నాయి; వాటిలో కొన్ని చచ్చినా చిప్ పిలిస్తే పలుకుతుంది, జవాబులు మాత్రం తక్కువ పంపుతుంది. ఐకరస్ నాటి ఒక్క బంగారు నాన్స్ ఇక్కడ మూటలకొద్దీ అయింది.

2020లో వచ్చిన ఎస్19లో ఒక్కో బోర్డుపై 76 చిప్‌లు, 38 డొమైన్లు. ఎస్9 బోర్డు మీద ఉన్న వోల్టేజి తగ్గించే సర్క్యూట్ ఇందులో లేదు. పవర్ సప్లై వోల్టేజినే కంట్రోల్ బోర్డు ఎప్పటికప్పుడు మారుస్తుంది. కాబట్టి టెస్టరుకు సప్లైని ఆడించే పని కూడా పడింది. మరమ్మతు గిట్టుబాటు లెక్కా మారింది. లక్ష కోట్ల హ్యాష్‌లకు ఎస్9 దాదాపు 98 జౌళ్లు వాడితే ఎస్19 34 జౌళ్లతో సరిపెడుతుంది. 2024 ఏప్రిల్‌లో బ్లాకు బహుమతి 3.125 బిట్‌కాయిన్లకు తగ్గాక, రోజుకు 31 యూనిట్లకు పైగా తాగే ఎస్9 యంత్రాల బోర్డులు, కరెంటు కారుచౌక కాని చోట, కొత్త చిప్‌లు వేయడం కంటే ఉన్న చిప్‌లు ఊడదీసుకోవడానికే ఎక్కువ పనికొస్తున్నాయి.

మరమ్మతు గిట్టే చోట, చిప్ మార్చిన బోర్డును టెస్టర్ మీద రెండుసార్లు నెగ్గిస్తారు. మొదటిది సోల్డరు వేడి పూర్తిగా చల్లారాక. కొన్ని నిమిషాల విరామం ఇచ్చి రెండోది. రెండింటిలోనూ లెక్క సరిపోతే బోర్డును మిగతా బోర్డులతో కలిపి పూర్తి యంత్రంలో బిగించి, అసలు మైనింగ్ ప్రోగ్రాముతో కొన్ని గంటలు నడవనిస్తారు. బల్ల మీద గాలి ధారాళంగా తగులుతుంది. పెట్టెలో పక్కనున్న బోర్డుల వేడి కూడా తోడవుతుంది. సరిగా అతకని సోల్డరు బయటపడేది అక్కడే.