లేని విమానమునకు రూపకల్పన

కథలో మాత్రమే ఎగిరిన ఒక విమానమును, అది నిజముగా ఏదో కర్మాగారమున తయారై, ఏదో రేవున లంగరు వేసికొని, ఎండకు వెలిసి, ఉప్పునీటికి నాని, కొంతకాలము బ్రదికినదే యని చూపరులకు తోచునట్లు చిత్రించుట గొప్ప సాధన కోరు విద్య. విమానచరిత్ర గ్రంథములందు, ముక్కు మొదలు తోక వరకు ఒకే ప్రక్కనుండి విమానమును చూపు వర్ణచిత్రములను పాఠకులు చూచియే యుందురు. ఆ పార్శ్వచిత్రములను, చూచు కన్ను అనంతదూరమున నిలిచినట్లు భావించి గీయుదురు. కావున అందు దగ్గరిది పెద్దదిగాను, దూరపుది చిన్నదిగాను కనబడదు. ఇరువైపుల విశాలముగా చాచిన రెక్క సైతము, కంటికెదురుగా పట్టిన కత్తి అంచువలె, తన మందమును మాత్రమే చూపును.

1992లో జపానునందలి స్టూడియో జిబ్లీ సంస్థ, హయావో మియజాకి దర్శకత్వమున విడుదల చేసిన 'పోర్కో రోస్సో' అను కార్టూను చలనచిత్రములోని ఎర్రని నీటివిమానము ఈ విద్యకు తగిన ఉదాహరణము. రెండు ప్రపంచయుద్ధముల నడిమి కాలమున, ఇటలీ తూర్పుతీరమందలి ఏడ్రియాటిక్ సముద్రముపై, పందిమొగము గల ఒక వైమానికుడు ఆ విమానమునెక్కి ఆకాశపు దొంగలను వెంటాడును. దాని పేరు సావోయా ఎస్.21. ఆ పేరుగల పందెపు విమానము 1920ల ఆరంభమున ఇటలీలో నిజముగానే ఉండెను గాని, అది జంటరెక్కలది, తెరమీదిది ఒంటిరెక్కది. దీని పోలికలు 1925లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున ష్నైడర్ ట్రోఫీ పందెమునకు వచ్చిన మాక్కి ఎం.33 అను మరియొక ఇటలీ విమానమునందు కనబడును. ఇట్లు కల్పనకు వెనుక చరిత్ర నిలిచియున్నప్పుడు, చిత్రకారుడు మొదట చేయవలసిన పని ఆ నిజమైన విమానముల కొలతలను, ఛాయాచిత్రములను శ్రద్ధతో చదువుకొనుట.

కార్టూను విమానమునకు స్థిరమైన ఆకారముండదు. ఉద్రేకము కలిగింపదలచిన దృశ్యమున ముక్కు సాగును, మలుపు తిరుగునప్పుడు రెక్క వంగును, హాస్యమునకై పొట్ట ఉబ్బును. ఆయా దృశ్యములన్నిటిని ఎదుట పెట్టుకొని, ఏది భావావేశపు అతిశయోక్తియో, ఏది వస్తువుయొక్క నిజస్వరూపమో వేరుపరచవలెను. ఇందుకు నమ్మదగిన కొలబద్ద వైమానికుడే. మనిషి కూర్చున్నప్పుడు పీటనుండి నడినెత్తి వరకు సుమారు 90 సెంటీమీటర్లుండును గనుక, ఆతని తల, భుజములు విమానమున ఆతడు కూర్చుండు గదిలో ఇముడునట్లు చూచినచో మిగిలిన కొలతలన్నియు దానినిబట్టియే తేలును. అటుపిమ్మట కొలమానము నిర్ణయింపవలెను: 10 మీటర్ల విమానము 48వ వంతు కొలతలో కాగితముపై దాదాపు 21 సెంటీమీటర్లగును, 72వ వంతున 14 సెంటీమీటర్లకే ఒదుగును.

నీటివిమానమునకు ప్రాణస్థానము దాని అడుగు. పడవవంటి ఆ పొట్ట క్రింద, నడిమికి కొంచెము వెనుకగా, ఒక మెట్టు విరిగియుండును. విమానము వేగమందుకొని నీటిపైకి లేచునప్పుడు, ఆ మెట్టువద్ద నీరు తెగి విడిపోవును. మెట్టు లేనిచో, వంపు తిరిగిన అడుగును నీరు పీల్చిపట్టి పైకి లేవనీయదు. ఈ మెట్టు విమానపు గరిమనాభికి కొద్దిగా వెనుకనే ఉండవలెను. దానిని ఇష్టము వచ్చినచోట గీసినచో, రంగులెంత మనోహరముగా నున్నను, ఎరిగినవాని కన్ను ఆ చిత్రమును విశ్వసింపదు. అట్లే ఎస్.21 ఇంజను రెక్కకు పైన, కంబములమీద ఎత్తుగా నిలుచుట అలంకారార్థము కాదు. ప్రొపెల్లరుకు నీటితుంపరలు తగులకుండుటకు. అంత ఎత్తునుండి వచ్చు త్రోపుడువలన ముక్కు క్రిందికి వంగజూచును గనుక, దానిని సరిదిద్దగల తోకరెక్కను బలముగా గీయుట అవసరము.

ఆకారము కుదిరిన పిదప ఉపరితలమునకు రావలెను. కథలో ఈ విమానము మిలాను నగరమందలి ఒక చిన్న కార్ఖానాలో, ఫియో అను పదునేడేండ్ల బాలిక గీసిన నమూనాప్రకారము, కొయ్యతో పునర్నిర్మింపబడును. కొయ్య పొట్టమీద రివిట్ల వరుసలు గీయుట, లోహవిమానములను చూచిన అలవాటుచేత జరుగు పొరపాటు. అచట ఉండవలసినవి పలకల అతుకులును, మరల తలలును, నున్నని వార్నీషు మెరుపును. ఇంజను గొట్టముల వెనుక పొగమసి గాలివాటుగా సాగవలెను. నీటిగీతవద్ద ఉప్పు తెల్లగా పేరుకొనవలెను. మెట్టు అంచున రంగు రాలి కొయ్య బయటపడవలెను. ఎరుపు సైతము గొట్టమునుండి పిండిన ఎరుపు కారాదు. పెద్దవస్తువును దూరమునుండి చూచునప్పుడు నడుమనున్న గాలి దాని వర్ణమును పలుచబరచును. కావున చిన్న చిత్రమునందు కొంచెము తెలుపు కలిపిన ఎరుపే సహజముగా తోచును, కలుపనిది ఆటబొమ్మను తలపించును.

ఇంత శ్రమ ఒక లేని వస్తువునకేల యని కొందరడుగవచ్చును. ఉన్న వస్తువును చిత్రించువాడు సందేహము కలిగినప్పుడు ఆ వస్తువునే అడుగగలడు. లేనిదానిని చిత్రించువానికి ఆ ఆశ్రయము లేదు. నీటి స్వభావమును, గాలి స్వభావమును, కొయ్య స్వభావమును తానే ఎరిగి, ప్రతి రేఖకు సమాధానము తానే చెప్పుకొనవలెను. చిత్రలేఖనముపై మక్కువగల మన యువకులు ఇట్టి కల్పితవిమానమునొకదానిని గైకొని, గీసిన ప్రతి గీతకు ఒక కారణము చెప్పగలుగువరకు దానిని విడువకుండినచో, వారి చేతికి నేర్పుతోపాటు వారి ఊహకు క్రమశిక్షణయు అలవడును. అట్టి ఊహనుండియే రేపటి నిజమైన యంత్రములు పుట్టును.