ఆల్బర్టా శాసనసభలో తెలుగు ఇంజనీరు

చెన్నూరు పరిసరాల నుండి గల్ఫు దేశాలకు వెళ్ళిన కుటుంబాలు మనందరికీ పరిచితమే. అక్కడ పాతికేళ్ళు చెమటోడ్చినా ఆ దేశ పౌరసత్వం లభించడం దాదాపు అసాధ్యం. ఓటు మాట తలపెట్టనే అక్కరలేదు. కెనడా మార్గం వేరు. శాశ్వత నివాస అనుమతి పొందినవారు ఐదేళ్ళలో మూడేళ్ళు అక్కడ నివసిస్తే పౌరసత్వం కోరవచ్చు. అయితే మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. అక్కడ ఓటు కావాలంటే ఇక్కడి ఓటు వదులుకోవలసిందే. పిల్లలను కెనడా పంపదలచిన తల్లిదండ్రులు ఫీజుల లెక్కతో పాటు ఈ లెక్క కూడా చూసుకోవాలని మేము భావిస్తున్నాము.

ఆ మార్గాన చాలా దూరం నడిచిన తెలుగువారు ప్రసాద్ పండా. ఆంధ్రలో పుట్టి, ఇంజనీరై, చమురు పరిశ్రమలో పనిచేస్తూ ఆల్బర్టా ప్రొవిన్స్‌లోని కాల్గరీ నగరంలో స్థిరపడ్డారు. ప్రొవిన్స్ అంటే మన రాష్ట్రం వంటిదే. విద్య, వైద్యం, రహదారులు దాని చేతిలో ఉంటాయి. ముఖ్యమంత్రిని ప్రీమియర్ అంటారు.

పండా తొలి అడుగులు తడబడ్డాయి. వైల్డ్‌రోజ్ పార్టీ పక్షాన 2012లో ఓడారు, 2015 మే నెలలోనూ ఓడారు. అదే మే ఎన్నికల్లో ప్రీమియర్ జిమ్ ప్రెంటిస్ పార్టీ అధికారం కోల్పోయింది. ఆయన తాను గెలిచిన కాల్గరీ ఫుట్‌హిల్స్ స్థానాన్ని ఆ రాత్రే వదులుకున్నారు. 2010లో తెలంగాణ కోసం శాసనసభ్యుడు రాజీనామా చేయగా చెన్నూరులో ఉప ఎన్నిక వచ్చింది. ప్రెంటిస్ రాజీనామాలో అటువంటి ఆశయమేదీ లేదు, ఓటమే కారణం. సెప్టెంబర్ 3న జరిగిన ఉప ఎన్నికలో పండా గెలిచారు. కెనడాలో చట్టసభకు ఎన్నికైన తొలి తెలుగువాడిగా ఆయన్ని పేర్కొంటారు.

ఆయన ప్రతిపక్షంలో కూర్చున్నది ప్రీమియర్ రేచల్ నాట్లీ ఎదుట. ఆమె తండ్రి గ్రాంట్ నాట్లీ కూడా ఆ సభలో ప్రతిపక్ష నాయకుడే. 1984 అక్టోబరులో చిన్న విమానం కూలి ఆయనతో సహా ఆరుగురు మరణించారు. బతికిన నలుగురిలో ఒకరు లారీ షాబెన్; లెబనాన్ మూలాలు గల కుటుంబంలో పుట్టి, కెనడాలోనే తొలి ముస్లిం మంత్రి అయినవారు. మంచులో ఆ రాత్రి మంట రగిలించి తక్కినవారిని ఆదుకున్నది ఎవరో తెలుసా? పోలీసు కాపలాలో ప్రయాణిస్తున్న ఒక ఖైదీ! మంత్రి, పోలీసు, పైలట్, ఖైదీ ఒకే మంట చుట్టూ తెల్లవార్లూ గడిపారు. కెనడాలోని మొదటి మసీదు, 1938 నాటి అల్ రషీద్, వెలసిందీ ఈ ఆల్బర్టాలోని ఎడ్మంటన్‌లోనే.

2017లో వైల్డ్‌రోజ్ మరో పార్టీతో కలిసి యునైటెడ్ కన్సర్వేటివ్ పార్టీ అయింది. 2019లో అది గెలవగా, కాల్గరీ ఎడ్జ్‌మాంట్ నుండి ఎన్నికైన పండా మౌలిక వసతుల మంత్రి అయ్యారు. పాఠశాలలు, ఆసుపత్రులు కట్టించే శాఖ అది. ఇంజనీరుకు తగిన పనే. 2022 జూన్‌లో రవాణా శాఖ దక్కింది, అక్టోబరులో ప్రీమియర్ మారడంతో అది మరొకరికి వెళ్ళింది. 2023 మే ఎన్నికల్లో నాట్లీ పార్టీ అభ్యర్థి జూలియా హేటర్ చేతిలో స్వల్ప తేడాతో ఆయన ఓడిపోయారు. ఆయన పార్టీ మాత్రం అధికారం నిలుపుకుంది.