పట్టాలో కొట్టివేసిన మాట

మద్రాసు గిండీ ఇంజనీరింగు కాలేజీవారి పట్టాల మీద, చదివినవాడు మగవాడేనన్నట్టుగా, "హీ" అన్న ఇంగ్లీషు మాట ముందుగానే అచ్చయి ఉండేది. రెండో మాటతో పని పడుతుందని ఎవరు అనుకున్నారు గనక? రెండవ ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పని పడనే పడింది. కాలేజీవారు "హీ"ని కలంతో కొట్టివేసి "షీ" అని రాసి ఇచ్చారు. ఆ పట్టా పుచ్చుకున్నది మన తెలుగింటి ఆడపడుచే, అయ్యలసోమయాజుల లలిత. భారతదేశపు మొదటి మహిళా ఇంజనీరుగా నేడు ఆమె పేరే చెప్పుకుంటున్నారు.

1919లో మద్రాసులో పుట్టిన లలితగారికి పదిహేనో యేట పెళ్ళయింది. పద్దెనిమిదో యేట భర్త పోయాడు. ఒడిలో నాలుగు నెలల పసిపాప. ఆ రోజుల్లో మన ఇళ్ళలో అటువంటి పిల్ల బతుకు వంటింటి మూలన ఎట్లా తెల్లవారేదో ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆమె తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ప్రొఫెసరు. కూతుర్ని చదివించదలచుకున్నారు.

చదువుకునే ఆడపిల్లలు వైద్యం వైపు వెళ్ళడం అప్పటి రివాజు. లలితగారు దాన్ని గురించీ ఆలోచించారు. కాని డాక్టరుకు వేళాపాళా ఏది? అర్ధరాత్రి కబురు వస్తే పసిపిల్లను వదిలి లేచిపోవాలి. ఇంజనీరుకైతే పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి వచ్చే ఉద్యోగం దొరకవచ్చు. చూశారా, దేశానికి మొదటి మహిళా ఇంజనీరు లభించడానికి కారణం యంత్రాల మీది మోజు ఒక్కటే కాదు, ఉయ్యాలలోని పాప కూడా! సుబ్బారావుగారు ప్రిన్సిపాలు చాకోగారితో మాట్లాడి సీటు ఇప్పించారు. 1940లో ఆమె చేరారు. తరవాత లీలమ్మ జార్జి, పి. కె. త్రేస్యా అనే ఇద్దరు మలయాళీ అమ్మాయిలు సివిల్ శాఖలో చేరడంతో తోడు దొరికింది.

పట్టా వచ్చాక జమాల్పూరు రైల్వే వర్కుషాపులో శిక్షణ. ఆ తరవాత సిమ్లాలో కేంద్ర ప్రభుత్వపు ఉద్యోగం. సిమ్లాయే ఎందుకు? అక్కడ అన్నగారి కుటుంబం ఉంది, పాపను చూసుకుంటారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ అనే బ్రిటిషు కంపెనీలో చేరారు. అక్కడా మరొక సోదరుడి ఇల్లుంది. విద్యుత్తు లైన్లు, సబ్ స్టేషన్ల నమూనాలు తయారు చేయడం ఆమె పని. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుదుత్పత్తి యంత్రాల పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సభ జరిగితే, పంపడానికి మన దేశంలో అటువంటి సంఘమే లేక, సొంత హోదాలో వెళ్ళివచ్చారు. ఇరవైతొమ్మిదేళ్ళు పనిచేసి 1977లో రిటైరయ్యారు. మరి రెండేళ్ళకే కన్నుమూశారు.

ఒక్కరు లోపలికి వెళ్ళినంతమాత్రాన తలుపు తెరిచి ఉంటుందనుకుంటాం. ఉండదు. లలితగారు కలకత్తాలో ఇంకా పనిచేస్తూ ఉండగానే, 1974లో, టెల్కో కంపెనీ ఇంజనీర్లు కావాలని ప్రకటన ఇస్తూ ఆడవారు దరఖాస్తు పెట్టనక్కరలేదని కింద ఒక ముక్క చేర్చింది. బెంగుళూరులో చదువుతున్న సుధా కులకర్ణి (తరవాత సుధా మూర్తి) మండిపడి జె. ఆర్. డి. టాటా పేర నేరుగా ఒక కార్డు రాసి పడేసింది. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. రోషం గల అమ్మాయి కనుక సాగింది. ఆ ముక్క చదివి నోటీసు బోర్డు దగ్గర నుంచి మౌనంగా వెళ్ళిపోయినవారు ఎందరో!

చట్టం కూడా చాలాకాలం మేలు చేస్తున్నాననుకుంటూ అడ్డు నిలిచింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం సాయంత్రం 7 దాటాక, ఉదయం 6 కాకముందు ఆడవారిచేత పని చేయించకూడదు. రక్షణకే, కాదనం. కాని రాత్రి షిఫ్టు చూడనివారిని ఫోర్‌మనుగా ఎవరు చేస్తారు? ఫోర్‌మను పని ఎరగనివారికి ఫ్యాక్టరీ పెత్తనం ఎట్లా వస్తుంది? మెట్ల వరసలో మొదటి మెట్టునే తీసేశాక, పైన ఆడవాళ్ళు కనబడరేమని ఆశ్చర్యపోవడం దేనికి? ఆ నిషేధాన్ని మద్రాసు హైకోర్టు 2000లో కొట్టివేసింది, స్త్రీల రక్షణకు తగిన ఏర్పాట్లు ఉండాలని షరతులు పెట్టి మరీ.

ఇక పై మెట్టు సంగతి కొంచెం నవ్వు తెప్పిస్తుంది. 2013 కంపెనీల చట్టం, స్టాకు ఎక్స్చేంజిలో నమోదైన ప్రతి కంపెనీ బోర్డులోనూ కనీసం ఒక స్త్రీ డైరెక్టరు ఉండాలన్నది. గడువు 2015 ఏప్రిల్ 1. ఆ గడువు దగ్గరపడేసరికి కొందరు యజమానులకు తమ ఇంట్లోనే పరిపాలనా దక్షులు ఉన్నట్టు తట్టింది! భార్యలు, కూతుళ్ళు, చెల్లెళ్ళు డైరెక్టర్లయ్యారు. వారిలో నిజంగా సమర్థులూ లేకపోలేదు. కాని ఉద్దేశం అది కాదు గదా. అందుకని సెబీ, యజమానులతో చుట్టరికం లేని స్వతంత్ర మహిళా డైరెక్టరు ఉండితీరాలని, 2019 నుంచి మొదటి 500 పెద్ద కంపెనీలకూ, 2020 నుంచి మొదటి 1000 కంపెనీలకూ మెలిక పెట్టింది.

ఈ రెండు మెట్లకూ నడుమ ఎక్కువమంది జారిపోయేది పురిటినాడు. 1961 చట్టం జీతంతో 12 వారాల సెలవు ఇచ్చింది. 2017లో దాన్ని, మొదటి ఇద్దరు బిడ్డల వరకు, 26 వారాలు చేశారు. మంచిదే. అయితే ఆ జీతం బరువంతా కంపెనీ మీదనే పడుతుంది కనుక, కొత్తగా పెళ్ళయిన పిల్లను ఉద్యోగంలోకి తీసుకోవడానికి తటపటాయించే మేనేజర్లు ఉన్నారు. పైకి ఆ మాట అనరనుకోండి. సెలవు గడిచాక బిడ్డను ఎవరు చూస్తారన్న ప్రశ్న ఎలాగూ ఉండనే ఉంది. లలితగారికి ఊరూరా అన్నదమ్ముల ఇళ్ళు ఉన్నాయి. అందరికీ ఉండవు.

ఆ 2017 సవరణలోనే మరొక ముక్క ఉంది. యాభైమంది, ఆపైన పనిచేసేచోట పిల్లల సంరక్షణకు ఒక కేంద్రం ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకునే వీలుండాలి. మీ అమ్మాయికో కోడలికో ఈసారి ఉద్యోగపు ఉత్తరువు వచ్చినప్పుడు, జీతమెంతో చూసుకున్నాక, ఆ గది ఏ అంతస్తులో ఉందో కనుక్కోమని చెప్పండి.